రక్తం తీసేటప్పుడు కరెంట్ షాక్ కొట్టినట్టైంది, మూడు వారాలైనా మంట తగ్గలేదు: ఏం చేయాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. విజయవాడ పటమటలో ఉండే మీ అమ్మగారికి యాభై నాలుగేళ్లు, షుగర్ ఉంది. మూడు వారాల కిందట షుగర్, థైరాయిడ్ పరీక్షల కోసం ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు. సూది దిగగానే మోచేతి నుంచి మణికట్టు దాకా కరెంట్ షాక్ కొట్టినట్టై ఆవిడ కేక పెట్టారు. వచ్చిన అబ్బాయి "కదలకండి ఆంటీ, అయిపోయింది" అంటూ సూదిని లోపలే అటూ ఇటూ తిప్పి, ట్యూబులు నిండాకే బయటికి తీశాడు. ఇప్పుడు ముంజేతి లోపలి వైపు, చిటికెన వేలి పక్కగా తిమ్మిరి, మంట. చీర కొంగు తగిలినా, ఫ్యాను గాలి తగిలినా ఓర్చుకోలేకపోతున్నారు. ల్యాబుకు ఫోన్ చేస్తే "రెండు రోజుల్లో అదే తగ్గిపోతుంది, టెన్షన్ పడకండి" అన్నారు. ఎంఆర్‌ఐ తీయించాలా, ఎవరికి చూపించాలి, ఇది జన్మంతా ఉండిపోతుందా, కంప్లైంట్ ఇవ్వొచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

నేను డాక్టర్ని కాను. సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఏళ్ల తరబడి రక్తం తీసిన టెక్నీషియన్ని. ఇప్పుడు కొత్తగా చేరే డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) పిల్లలకు పక్కన నిలబడి నేర్పించడం నా పని. ఇలాంటి ఫిర్యాదు వస్తే పేషెంటుతో మొదట కూర్చుని మాట్లాడేదీ, న్యూరాలజీకి పంపేదీ నేనే. సూది సంగతి నా అనుభవంతో రాస్తున్నాను. మందుల సంగతి మాత్రం మా డాక్టర్ల దగ్గర చూసి నేర్చుకున్నది.

ముందు మీ కంగారు తగ్గే మాట చెబుతాను. మీరు చెప్పినదాన్ని బట్టి దెబ్బ తగిలింది చర్మానికి స్పర్శనిచ్చే నరానికే, వేళ్లను ఆడించే నరానికి కాదనిపిస్తోంది. ఇలాంటివి చాలామందిలో కొన్ని వారాల్లోనో నెలల్లోనో పూర్తిగా తగ్గిపోతాయి. అలాగని ఊరుకోవద్దు. మూడు వారాలైనా గాలి తగిలితే మంట పుడుతోందంటే ఈ వారంలోనే న్యూరాలజిస్టుకు చూపించాలి.

మా ల్యాబుల్లో అందరం "నరం దొరకడం లేదు" అనే అంటాం గానీ మేం వెతికేది సిర. కలగాపులగం కాకుండా ఇక్కడ రక్తం పారేదాన్ని సిర అనీ, స్పర్శను మోసేదాన్ని నరం అనీ రాస్తాను.

అమ్మగారిని చెయ్యి చాపి అరచేయి పైకి పెట్టమనండి. మోచేతి మడత దగ్గర మూడు సిరలుంటాయి. బొటనవేలి వైపు సెఫాలిక్, మధ్యలో అడ్డంగా ఏటవాలుగా పోయేది మీడియన్ క్యూబిటల్, చిటికెన వేలి వైపు, అంటే ఒంటికి దగ్గరగా ఉండేది బాసిలిక్. మేం మొదట చూడాల్సింది మధ్యది. అది పైపైనే ఉంటుంది, అంత తేలిగ్గా జారదు, నరాలకు కాస్త ఎడంగా ఉంటుంది. అది దొరక్కపోతే బొటనవేలి వైపుది. లోపలి బాసిలిక్ చిట్టచివర, వేరే గతి లేనప్పుడే. ప్రపంచమంతా ల్యాబులు అనుసరించే సీఎల్ఎస్ఐ ప్రమాణాల 2017 ముద్రణలోనూ ఉన్నది ఇదే వరస. చిక్కేమిటంటే బాసిలిక్ చాలామందికి లావుగా, పచ్చగా పైకి కనబడి ఊరిస్తుంది. కుర్రాడు దాని మీదికే పోతాడు. దాని పక్కనే ముంజేతి లోపలి వైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం కొమ్మలు అల్లుకుని ఉంటాయి. కొంచెం లోతుకు పోతే చేతికి రక్తం తెచ్చే పెద్ద ధమని, దాన్ని ఆనుకుని మీడియన్ నరం. అమ్మగారికి తిమ్మిరి ఉన్న చోటు చూస్తే సూది ఈ లోపలి వైపే దిగిందని అర్థమవుతోంది. సూది మచ్చ ఇంకా కనబడుతుంటే మీరే పోల్చి చూసుకోండి.

ఇక్కడ ల్యాబు వాళ్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఈ చర్మపు నరాలు ఒక్కో మనిషిలో ఒక్కో దారిన పోతాయి. కొందరిలో సిర కింద నుంచి, కొందరిలో సరిగ్గా సిర మీద నుంచి. బయటికి కనబడవు, వేలికి తగలవు. ఎంత చెయ్యి తిరిగినవాడైనా, మధ్య సిరలోనే గుచ్చినా, ఎప్పుడో ఒకసారి నరం తగలొచ్చు. అమెరికాలో ఒక పెద్ద రక్తనిధి తన రెండేళ్ల లెక్కలు 1996లో ప్రచురించింది. 4,19,000 రక్తదానాల్లో 66 మందికి ఇలా నరం దెబ్బ తగిలింది, అంటే సుమారు ఆరు వేల మూడు వందల మందిలో ఒకరికి. వాళ్లలో ఎక్కువమంది నెల తిరక్కుండానే బాగయ్యారు. రక్తదానానికి వాడేది లావుపాటి 16 గేజ్ సూది. మామూలు పరీక్షలకు మేం వాడేది 21, 22 గేజ్, చాలా సన్నం. కాబట్టి సూది నరానికి తగలడాన్ని నేను తప్పనను. తగిలాక ఏం చేశాడన్నదే తప్పొప్పులు తేల్చేది.

సూది గుచ్చితే చురుక్కుమనడం ఎవరికైనా మామూలే. గుచ్చిన చోటే ఉంటుంది, క్షణంలో పోతుంది. నరం తగిలితే అలా ఉండదు. పైనుంచి కిందికి, వేళ్ల దాకానో మణికట్టు దాకానో జివ్వున పాకుతుంది, చెయ్యి దానంతటదే ఎగురుతుంది. పేషెంటు "షాక్" అన్నా, "జిల్లుమంది" అన్నా, "వేళ్లలోకి పాకింది" అన్నా మా పని ఒక్కటే. రబ్బరు కట్టు వదిలేయాలి, సూది తీసేయాలి, దూది పెట్టి ఒత్తాలి, రెండో చేతికి పోవాలి. అదే చేతిలో ఇంకో చోట ప్రయత్నించకూడదు. రక్తం చక్కగా వస్తున్నా సరే, తీసేయాల్సిందే.

ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. ఆ క్షణాన్ని ఆ అబ్బాయి వైపు నుంచి చూడండి. షుగరూ థైరాయిడూ అంటే రెండు మూడు ట్యూబులు: పసుపు మూతదో ఎర్ర మూతదో థైరాయిడ్‌కు, ఊదా మూతది మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి, బూడిద మూతది షుగర్‌కు. మొదటి ట్యూబు నిండుతోంది. ఆవిడ కేక పెట్టింది. ఇప్పుడు తీసేస్తే మళ్లీ గుచ్చాలి, ఇంట్లోవాళ్లు "చేతకాని వాణ్ణి పంపారు" అంటారు, తర్వాతి ఇంటివాళ్లు కాఫీ తాగకుండా పరగడుపున ఎదురుచూస్తూ అప్పటికే ఫోన్ చేస్తున్నారు. "ఇంకొక్క ఎంఎల్" అనిపిస్తుంది. రక్తం ఆగిపోతే సూదిని కొంచెం ముందుకో పక్కకో నెడతాడు. అసలు దెబ్బ పడేది అక్కడే. సూది మొనను భూతద్దంలో చూస్తే ఏటవాలుగా చెక్కిన కలం పాళీలా ఉంటుంది, రెండు వైపులా పదునైన అంచు. పక్కలకు కదలకుండా నేరుగా ఒకసారి దిగితే నరం పోగుల మధ్య నుంచి పోవచ్చు. పక్కలకు తిప్పితే కోస్తుంది. అందుకే సూదిని పక్కలకు కదపకూడదని మా పిల్లలకు మొదటి రోజే చెబుతాం. సూది చర్మానికి 30 డిగ్రీలకు మించి ఏటవాలు ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. నిటారుగా పొడిస్తే సిర అవతలి గోడ దాటి కింద ఉన్నవాటి మీద పడుతుంది.

ఇంటికొచ్చి తీసేటప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. ల్యాబులో చెయ్యి ఆన్చే కుర్చీ ఉంటుంది. ఇంట్లో పేషెంటు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెయ్యి గాల్లో పెడతారు, లేదా మంచం అంచున కూర్చుని ఒళ్లో పెట్టుకుంటారు. మోచెయ్యి వంగి ఉంటుంది, వెలుతురు చాలదు. ఒక దిండు తెచ్చి మోచేతి కింద పెట్టి చెయ్యి పూర్తిగా చాపిస్తే సగం కష్టం తీరుతుంది. పది సెకన్ల పని. అది చేసే ఓపిక చాలామందికి ఉండదు.

అమ్మగారి సంగతికి వద్దాం. ఏ నరమో తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. దూదిని సన్నగా పీకి, ఆవిడ కళ్లు మూసుకుని ఉండగా ముంజేతి మీద అక్కడక్కడా తాకించండి. తెలియని చోటు, మంట పుట్టే చోటు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీయండి, ఫోన్‌లో ఫొటో తీసి తేదీతో దాచండి. వారానికోసారి ఇలాగే చేస్తే తగ్గుతోందో పెరుగుతోందో మీ కళ్లకే తెలుస్తుంది. డాక్టరుకు కూడా నోటి మాట కంటే ఆ ఫొటోలు బాగా ఉపయోగపడతాయి.

గీత ముంజేతి లోపలి వైపునే ఉండి మణికట్టు దగ్గర ఆగిపోతే, నేను పైన చెప్పిన చర్మపు నరమే. బొటనవేలి వైపు ముంజేతి మీద ఉంటే అటువైపు చర్మపు నరం. తిమ్మిరి అరచేతిలోకి దిగి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలికి పాకితే మీడియన్ నరం, అప్పుడు ఆలస్యం చేయకూడదు. చిటికెన వేలే మొద్దుబారితే దానికి వెళ్లే నరం మోచేతి వెనక నుంచి పోతుంది కాబట్టి ముందు వైపు గుచ్చిన సూదికి సాధారణంగా అందదు. డాక్టరు మెడ దగ్గరో మోచేతి వెనకో వేరే కారణం వెతుకుతారు. షుగర్ ఉన్నవాళ్లలో ఇలాంటి కారణాలు రెండు మూడు కలిసి ఉండటం అరుదేమీ కాదు.

కండరాల బలం కూడా చూడాలి. బొటనవేలి కొనా చూపుడు వేలి కొనా కలిపి గుండ్రంగా సున్నా చుట్టమనండి. సున్నా రాకుండా రెండు వేళ్లూ చప్పిడిగా ఆనుకుంటే, లోతున ఉన్న మీడియన్ నరం కొమ్మకు దెబ్బ తగిలిందేమోనని అనుమానించాలి. ఇంకా తేలిక పరీక్ష: ఆవిడ రోజూ వాకిట్లో ముగ్గు వేస్తారా? పిండి రెండు వేళ్ల మధ్య నుంచి సన్నగా గీతలా వదలగలుగుతున్నారా, లేక ముద్దలుగా పడుతోందా? పిండి ముద్దగా పడుతున్నా, చిటికెడు ఉప్పు పట్టుకోలేకపోతున్నా, గ్లాసు చేతిలోంచి జారుతున్నా వారం ఆగొద్దు, రేపే వెళ్లండి. మీరు రాసినదాంట్లో బలం తగ్గినట్టు లేదు, అది మంచి లక్షణం.

నరం దెబ్బలను మూడు మెట్లుగా చూడటం 1943లో సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ మొదలుపెట్టారు, డాక్టర్లు ఇప్పటికీ అలాగే చెబుతారు. మొదటి మెట్టులో నరం తెగదు, కొంతకాలం పనిచేయడం మానేస్తుంది, రోజుల నుంచి వారాల్లో లేచి కూర్చుంటుంది. రెండో మెట్టులో లోపలి పోగులు తెగుతాయి, పైతొడుగు నిలబడుతుంది. ఆ పోగులు మళ్లీ పెరుగుతాయి, కానీ రోజుకు మిల్లీమీటరు చొప్పున. మోచేతి నుంచి మణికట్టు దాకా పాతిక సెంటీమీటర్లు అనుకుంటే పూర్తిగా చేరడానికి ఎనిమిది నెలలు పట్టొచ్చు. మూడో మెట్టులో నరం మొత్తంగా తెగిపోతుంది. సన్నటి రక్తపు సూదితో అది చాలా అరుదు. మూడు వారాలు గడిచినా మంట ఉందంటే మొదటి మెట్టు దాటి రెండోదాంట్లో కొంత ఉండొచ్చు. నరం పెరుగుతోందో లేదో చూడటానికి ఒక కిటుకుంది. సూది గుచ్చిన చోటు నుంచి కిందికి వేలితో మెల్లగా తట్టుకుంటూ పోతే ఒక చోట జివ్వుమంటుంది. నెల తర్వాత ఆ జివ్వుమనే చోటు రెండు మూడు సెంటీమీటర్లు కిందికి జరిగితే నరం పెరుగుతున్నట్టే. రోజూ తట్టి చూడకండి, మంట రేగుతుంది. నెలకోసారి చాలు.

ఎంఆర్‌ఐ తీయించాలా అని అడిగారు, ఇప్పుడే వద్దంటాను. ఎందుకంటే ఈ చర్మపు నరాలు చాలా సన్నటివి. వేలకు వేలు పోసి తీయించినా "నార్మల్" అని రావచ్చు, దాంతో మీ అమ్మగారి నొప్పి ఊహే అన్నట్టు అవుతుంది. ముందు కావలసింది న్యూరాలజిస్టు చేత్తో చేసే పరీక్ష. ఆ తర్వాత అవసరమైతే నరంలో సిగ్నల్ ఎలా పోతోందో చూసే నర్వ్ కండక్షన్ స్టడీ, జనం ఎన్‌సీవీ అంటారు. తెగిన పోగులు కిందివైపు చచ్చిపోవడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి దెబ్బ తగిలిన మొదటి వారంలో చేస్తే పరీక్ష మోసం చేస్తుంది. మూడు వారాలు దాటింది గనుక మీకిది సరైన సమయమే.

ఇక్కడొక మెలిక ఉంది. "రెండు చేతులకు ఎన్‌సీవీ" అని చీటీ రాస్తే మామూలుగా చేసేది మీడియన్, అల్నార్, రేడియల్ నరాలకే. అమ్మగారికి దెబ్బ తగిలిందని నేను అనుకుంటున్న నరం ఆ పట్టికలో ఉండదు. ఫలితం అంతా బాగుందని వస్తుంది, మీరు నిరాశపడి తిరిగొస్తారు. మీడియల్ యాంటీబ్రాకియల్ క్యుటేనియస్ నరాన్ని రెండు చేతుల్లోనూ చేసి పోల్చమని డాక్టరును అడగండి, చీటీ మీద ఆ పేరే రాయించండి. మంచి చేతిలో వచ్చే తరంగం ఎత్తులో సగం కూడా నొప్పి చేతిలో రాకపోతే దెబ్బ ఉన్నట్టు లెక్క. గడ్డ గానీ మచ్చకట్టి నరాన్ని పట్టేయడం గానీ అనుమానం ఉంటే హై రిజల్యూషన్ అల్ట్రాసౌండ్ పనికొస్తుంది, కానీ నరాలు చూడటం అలవాటున్న రేడియాలజిస్టు చేయాలి. సూర్యారావుపేట చుట్టుపక్కల న్యూరాలజిస్టులకు కొదవ లేదు. ఖర్చు భారమైతే గుంటూరు జీజీహెచ్‌లో న్యూరాలజీ విభాగం ఉంది, మంగళగిరి ఎయిమ్స్ కూడా మీకు దగ్గరే.

మందుల విషయంలో నేను చూస్తున్నది చెబుతాను, మోతాదులు రాయను. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు నరం మంటకు పెద్దగా పనిచేయవు. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు మాత్రం చేటు చేస్తాయి. న్యూరాలజిస్టులు ఎక్కువగా రాసేవి ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్. మొదటి రెండూ కిడ్నీ ద్వారానే పోతాయి కాబట్టి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ ఇటీవలి రిపోర్టు చూపించండి. మొదటి వారం మత్తు, తూలుడు ఉంటుంది. రాత్రి బాత్రూంకు లేచినప్పుడు ఎవరైనా తోడు ఉండాలి. తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపేయకూడదు.

బి12 కలిసిన "నరాల బిళ్ళలు" ఇక్కడ ప్రతి చీటీ మీదా ఉంటాయి. సూది దెబ్బను అవి బాగుచేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. అయితే అమ్మగారు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అది ఏళ్ల మీద బి12ను తగ్గిస్తుంది, తక్కువైతే నరాలు మానడం నెమ్మదిస్తుంది. ఒకసారి బి12 చూపించుకోవడం తెలివైన పనే. మళ్లీ రక్తం తీయించుకోవాలి, తప్పదు, రెండో చేతికి.

ఇంట్లో చేయకూడనివి ముఖ్యం. ఉప్పు మూట కాపడం, వేడి నీళ్ల సంచి వద్దు. స్పర్శ లేని చోట ఎంత వేడో తెలియదు, షుగర్ మనిషికి బొబ్బలెక్కితే ఇంకో జబ్బు. కట్టు కట్టించి, ఆముదం రాయించి గట్టిగా మర్దన చేయించొద్దు. మెడలో పట్టీ వేసి చెయ్యి వేలాడదీయొద్దు. ఇది అందరికంటే ఎక్కువగా ఆడవాళ్ల విషయంలో చెప్పాలి, ఇంట్లోవాళ్లు ప్రేమ కొద్దీ "నువ్వేం ముట్టుకోకు, కూర్చో" అంటారు. కదపని చెయ్యి బిగుసుకుపోతుంది, మెదడు ఆ చేతిని ఇంకా ఇంకా నొప్పి చేతిగానే గుర్తుపెట్టుకుంటుంది. బరువులు ఎత్తకుండా మిగతా పనులన్నీ చేయనివ్వండి.

తాకితే మంట అంటున్నారు కదా, దానికి ఫిజియోథెరపీలో నేర్పే పద్ధతి ఉంది. ముందు మెత్తటి పట్టు చీర కొంగుతో ఆ చోటును ఒకటి రెండు నిమిషాలు మెల్లగా రుద్దాలి, రోజుకు నాలుగైదు సార్లు. అది అలవాటయ్యాక నూలు బట్ట, తర్వాత టర్కీ టవల్. కళ్లు తెరిచి ఆ చోటునే చూస్తూ చేయాలి. మొదట్లో ఏడిపిస్తుంది. ఓర్చుకోగలిగినంత వరకే.

కొన్ని గుర్తులు కనబడితే మాత్రం పద్ధతులన్నీ పక్కన పెట్టి వెళ్లాలి. మంట నరం దారి దాటి చెయ్యంతా పాకడం, చేతి రంగు ఎర్రగానో నీలంగానో మారడం, రెండో చేతి కంటే వేడిగానో చల్లగానో ఉండటం, వాపు, ఆ చేతికే చెమట, గోళ్లూ వెంట్రుకలూ పెరిగే తీరు మారడం, వేళ్లు మడవలేకపోవడం. దీన్ని సీఆర్‌పీఎస్ అంటారు. అరుదే గానీ ఎంత తొందరగా పట్టుకుంటే అంత లొంగుతుంది, ముదిరితే ఏళ్లు పీడిస్తుంది. న్యూరాలజిస్టుతో పాటు పెయిన్ స్పెషలిస్టు కావాలి.

ఇదంతా మూడు వారాల తర్వాతి కథ. ఇది చదివే మిగతావాళ్ల కోసం ఇంకో సంగతి. సూది పడిన క్షణంలో ఏమీ లేకుండా, గంటల తర్వాత మోచెయ్యి ఉబ్బి, నొప్పి పెరుగుతూ, వేళ్లు తిమ్మిరెక్కితే అది లోపల రక్తం గూడుకట్టి నరాన్ని నొక్కడం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వాడేవాళ్లలో ఎక్కువ. వేళ్లు పాలిపోయినా చల్లబడినా అర్ధరాత్రైనా క్యాజువాలిటీకి వెళ్లాలి. దీన్ని చాలావరకు ఆపే పని మన చేతుల్లోనే ఉంది. రక్తం తీశాక దూది పెట్టి చెయ్యి మడిచి కూర్చోవడం మనకు అలవాటు, మా వాళ్లే "మడవండి" అని చెబుతారు. చెయ్యి చాపి ఉంచి రెండు మూడు నిమిషాలు వేలితో గట్టిగా ఒత్తాలి. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు ఇంకాసేపు.

కంప్లైంట్ గురించి. నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను: ఇవ్వండి, కానీ ముందు ల్యాబుకే ఇవ్వండి, రాతపూర్వకంగా. తేదీ, సమయం, ఏ చెయ్యి, ఎక్కడ గుచ్చారు, ఆవిడ ఏమన్నారు, అతను ఏం చేశాడు, ఇప్పుడెలా ఉంది. బిల్లు, రిపోర్టు, ఫోన్ మెసేజీలు, ఆ పెన్ను గీతల ఫొటోలు జత చేయండి. ల్యాబుల నాణ్యతను చూసే జాతీయ సంస్థ ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబైతే ఫిర్యాదును నమోదు చేసి విచారించడం వాళ్ల ప్రమాణాల్లోనే ఉంది. వైద్యం ఖర్చు అడగండి. ఆ అబ్బాయిని ఉద్యోగంలోంచి తీసేయమని మాత్రం అడగొద్దు. అతను రేపు ఇంకో ల్యాబులో చేరి ఇంకో చేతిలో సూది తిప్పుతాడు. మళ్లీ శిక్షణ ఇవ్వమని అడగండి.

వాళ్లు పట్టించుకోకపోతే జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి రాయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్‌కు 2002 చట్టం ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్య సేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే వి.పి. శాంత కేసులో తేల్చింది. 2019 చట్టం ప్రకారం మీరు కట్టిన బిల్లును బట్టి జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. అయిదు లక్షల లోపు బిల్లుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. అయితే నరం తగిలింది అన్నంత మాత్రాన కేసు నిలవదు, అది ఎవరి చేతిలోనైనా జరిగేదే. కేక పెట్టినా సూది తీయలేదు, లోపల తిప్పాడు అన్నదే మీ బలం. ఆ సమయంలో పక్కన ఎవరున్నారో, చూసింది ఏమిటో ఇప్పుడే కాగితం మీద రాయించి పెట్టండి. ఏడాది పోతే ఎవరికీ సరిగ్గా గుర్తుండదు.

చివరగా మీరు అడగనిది. షుగర్ మనిషికి మూడు నెలలకోసారి పరీక్ష తప్పదు, భయపడి మానేస్తే అదింకా చేటు. ఈసారి రెండో చెయ్యి ఇవ్వండి. కూర్చోగానే "పోయినసారి నరం తగిలింది, షాక్ అంటే వెంటనే తీసేయండి, లోపలి వైపు సిర వద్దు" అని ముందే చెప్పండి. దాన్ని చెడ్డగా తీసుకునే టెక్నీషియన్ అయితే లేచి వచ్చేయండి. పట్టుకోవడానికి రెక్కలుండే బటర్‌ఫ్లై సూది అడగొచ్చు, అదేమీ మంత్రం కాదు గానీ తక్కువ ఏటవాలులో దించడానికి వీలుగా ఉంటుంది. మోచేతి దగ్గర ఏదీ దొరక్కపోతే చేతి వెనక సిరలు చూడొచ్చు, కాస్త నొప్పి ఎక్కువ. మణికట్టు లోపలి వైపు, నాడి చూసే చోట మాత్రం ఎవరినీ గుచ్చనివ్వొద్దు, అక్కడ నరాలు మరీ పైనే ఉంటాయి. ఒకే మనిషి రెండు సార్లకు మించి ప్రయత్నించకూడదు.

నీళ్ల సంగతి కూడా. పరగడుపు అంటే మంచినీళ్లు కూడా మానేసి వచ్చేవాళ్లు మాకు రోజూ తగులుతారు. బెజవాడ ఎండలో రాత్రంతా చెమట పట్టి, పొద్దున నీళ్లు తాగకుండా వస్తే సిరలు మునిగిపోతాయి, అప్పుడే తడుములాట మొదలవుతుంది. కాఫీ, టీ, పాలు వద్దన్నారు గానీ మంచినీళ్లు వద్దనలేదు. రెండు గ్లాసులు తాగి రండి. హెచ్‌బీఏ1సీ, బి12 మాత్రమే అయితే పరగడుపు కూడా అక్కర్లేదు. ఏడు గంటల రద్దీలో కాకుండా టిఫిన్ చేసి పదకొండింటికి ల్యాబుకే తీసుకెళ్లండి. ఆ వేళకు మా వాళ్లకూ కాస్త ఊపిరి తీసుకునే తీరిక ఉంటుంది.